నవ్వు ఎవరి చేతిలో ఉంది?
(నండూరి రామ్మోహనరావు స్మారకోపన్యాసం)

పిల్లల పుస్తకాల మీద సభ పెట్టి పిల్లల్ని కూడా పిలవడం మన దగ్గర అరుదు. ఇవాళ పిలిచారు, సంతోషం. విసుగేస్తే బయటికెళ్లి ఆడుకోవచ్చు, నేనేమీ అనుకోను. పెద్దలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.

నండూరి రామ్మోహనరావు గారి పేరు వినగానే చాలామందికి ఆంధ్రజ్యోతి సంపాదకీయాలు, 'నరావతారం', 'విశ్వరూపం' గుర్తొస్తాయి. జీవపరిణామాన్నీ ఆకాశంలోని చుక్కలనీ హైస్కూలు పిల్లాడికి అందేంత తేట తెలుగులో చెప్పినవారు ఆయన. 1927లో కృష్ణా జిల్లా విస్సన్నపేటలో పుట్టి, 2011లో విజయవాడలో కన్నుమూశారు. ఈ ఉపన్యాసానికి ఆయన పేరు సరిగ్గా అతికే కారణం అంతకంటే పాతది. మద్రాసులో ఆంధ్రపత్రిక వారపత్రికలో పనిచేస్తున్న 1950లలో ఆయన మార్క్ ట్వేన్‌ని తెలుగు ఇళ్లకు తెచ్చారు. 'టామ్ సాయర్', 'హకల్‌బెరీ ఫిన్', 'రాజూ పేదా' అన్నీ అలా వచ్చినవే. స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలండ్' ఆయన చేతిలో 'కాంచనద్వీపం' అయింది. అదే దశకంలో, అదే పత్రికలో, ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగు పుట్టాడు. తాగుబోతు తండ్రి చేతిలో దెబ్బలు తినే హక్, ఇల్లంతా నెత్తిన పెట్టుకునే బుడుగు ఒకే పత్రికలో ఇరుగుపొరుగులుగా తెలుగు పిల్లలకు పరిచయమయ్యారు. ఆ ఇరుగుపొరుగు మీదే ఈ సాయంత్రం నా మాటలు. చివరికి మళ్లీ అక్కడికే వస్తాను.

పిల్లల నవలల్లో కష్టం గురించి మాట్లాడితే ఎవరో ఒకరు, "మధ్యలో కాస్త నవ్విస్తే పిల్లలు తట్టుకుంటారండీ" అంటారు. చేదు మాత్రకు బెల్లం అద్దినట్టన్నమాట. నా పేచీ ఆ మాటతోనే. బెల్లాన్ని గీకేస్తే మాత్ర మిగులుతుంది. మంచి నవలలో అలా గీకడానికి వీలుండదు. కష్టం ఏ చోట పుట్టిందో నవ్వూ ఆ చోటే పుడుతుంది, ఒకటి తీసేస్తే రెండోదీ పోతుంది. ఇంకో షరతు కూడా ఉంది. ఆ నవ్వు కష్టపడుతున్న పిల్లవాడి చేతిలో ఉండాలి. ఒడ్డున కూర్చుని చూస్తున్నవాడి చేతికి పోయిందా, అక్కణ్ణుంచి పుస్తకం చెడుతుంది. దీన్ని నాలుగు పుస్తకాల మీద పరీక్షించి, తర్వాత మన సంగతికి వద్దాం.

1. కోటు లోపల గుండుసూది

ముందు చిన్న ఉదాహరణ. జర్మన్ రచయిత ఎరిష్ కెస్ట్నర్ 1929లో 'ఎమిల్, డిటెక్టివులు' అనే నవల రాశాడు. ఎమిల్‌కి తండ్రి లేడు. తల్లి ఇంట్లోనే ఆడవాళ్లకు తలంటి, జుట్టు దువ్వి ముడివేసి ఇల్లు నడుపుతుంది. బెర్లిన్‌లో ఉన్న అమ్మమ్మ దగ్గరికి పంపుతూ కొడుకు చేతికి 140 మార్కులిచ్చి రైలెక్కిస్తుంది. ఆమెకది నాలుగు వారాల సంపాదన. పోతుందేమోనన్న భయంతో కుర్రాడు రైల్లో ఆ నోట్లను కోటు లోపలి గుడ్డకు గుండుసూదితో గుచ్చి పెట్టుకుంటాడు. కునుకు పడుతుంది. లేచేసరికి డబ్బూ లేదు, ఎదుటి సీట్లో టోపీ పెట్టుకున్న పెద్దమనిషీ లేడు.

పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చు కదా? వెళ్లలేడు. ఊళ్లో గొప్ప దొరవారి విగ్రహానికి ఎర్ర ముక్కూ నల్ల మీసాలూ దిద్దిన ఘనుడు వీడే. ఆ కేసు తన మెడకు చుట్టుకుంటుందని వీడి బెంగ. పిల్లలు ఇక్కడ పగలబడి నవ్వుతారు. ఆ నవ్వు కింద ఉన్నదేమిటో చూడండి. డబ్బు పోగొట్టుకున్నవాడు తానే దొంగలా వణకడం, పోలీసు అంటే మన పక్షం కాదని పదేళ్లు నిండేసరికే పేదింటి పిల్లవాడికి ఒంటబట్టడం. కెస్ట్నర్ ఆ మాట పైకి అనడు. మీసాలు దిద్దించి ఊరుకుంటాడు.

చివరికి ఆ నోట్లు ఎమిల్‌వేనని తేల్చేవి గుండుసూది చేసిన బెజ్జాలు. తల్లి కష్టం మీద వాడికున్న భయమే వాడికి సాక్ష్యం చెప్పింది.

2. శవం కోసం వదిలిన రొట్టె

'హకల్‌బెరీ ఫిన్' ముందు లండన్‌లో 1884 డిసెంబరులో, తర్వాత అమెరికాలో 1885 ఫిబ్రవరిలో వచ్చింది. కథ మీకు తెలుసు. తండ్రి హక్‌ని ఎత్తుకెళ్లి నది ఒడ్డున ఒక గుడిసెలో పెట్టి తాళం వేస్తాడు, తాగొచ్చి బాదుతాడు. తప్పించుకోవడానికి హక్ వేసిన పథకం పిల్లల సాహిత్యంలోనే ఒక వింత. తనను ఎవరో చంపేసినట్టు తానే ఏర్పాటు చేస్తాడు. అడవి పందిని వేటాడి తెచ్చి దాని నెత్తురు నేల మీద పారిస్తాడు. గోతాంలో రాళ్లు నింపి, శవాన్ని ఈడ్చినట్టు నది దాకా ఈడుస్తాడు. తన తల వెంట్రుకలు పీకి గొడ్డలికి అంటిస్తాడు. దొరకనివాణ్ణి వెతుకుతారు, చచ్చినవాణ్ణి కొన్నాళ్లకు మరిచిపోతారు. వాడి లెక్క అది.

ఆ తర్వాతి దృశ్యం దగ్గర కాస్త ఆగుదాం. ఊరి పెద్దలు పడవలో బయల్దేరి హక్ శవాన్ని పైకి తేలించడానికి నీళ్ల మీద ఫిరంగి పేలుస్తారు. రొట్టెల్లో పాదరసం పోసి నదిలో వదిలితే అవి మునిగిపోయిన మనిషి దగ్గరికి వెళ్లి ఆగుతాయని అక్కడివాళ్ల నమ్మకం. అవీ వదులుతారు. లంకలో దాక్కుని ఆకలితో నకనకలాడుతున్న హక్ ఆ రొట్టెల్లో ఒకదాన్ని ఒడ్డుకు లాక్కుని, పాదరసం దులిపేసి, శుభ్రంగా తింటాడు. మామూలుగా పేదలు తినే రకం కాదు, మంచి రొట్టె అని మెచ్చుకుంటాడు కూడా. తినేసి ఆలోచనలో పడతాడు: ఆ రొట్టె నన్ను చేరాలని ఎవరో పుణ్యాత్ములు దండం పెట్టుకునే ఉంటారు, చేరింది కదా, అంటే ప్రార్థనలో ఎంతో కొంత మహత్తు ఉన్నట్టే!

బతికున్నన్నాళ్లూ ఆ ఊరు ఈ పిల్లవాడికి ఇంత మంచి రొట్టె పెట్టలేదు. చచ్చాడనుకున్నాకే పెట్టింది. ఈ మాట నేను చెబితే ఉపన్యాసం అయింది, హక్ నోట విమర్శ అన్న స్పృహే లేకుండా వచ్చింది. ఆకలే అక్కడ జోకు. ఆకలిని తీసేయండి, జోకు మిగలదు.

ఇదే పుస్తకం చివరి అధ్యాయాలకు వద్దాం. హక్‌తో తెప్ప మీద వచ్చిన బానిస జిమ్ పట్టుబడి ఒక పాకలో బందీగా ఉంటాడు. హక్ చెప్పే ఉపాయం సూటిగా ఉంటుంది: తాళంచెవి కొట్టేద్దాం, తెప్ప ఎక్కిద్దాం. అంతలో టామ్ సాయర్ దిగుతాడు. సాహస నవలలు చదివిన బుర్ర వాడిది. జిమ్ పాకలోకి ఎలుకలనీ సాలెపురుగులనీ పాములనీ తోలతాడు. చొక్కా మీద నెత్తురుతో దినచర్య రాయమంటాడు. నిచ్చెన తాడును వంటకంలో పెట్టి పంపుతాడు. పేజీలకు పేజీలు ఇదే వరస. చివర్లో తెలుస్తుంది, యజమానురాలు చనిపోతూ జిమ్‌కి విముక్తి రాసి రెండు నెలలయింది. ఆ సంగతి టామ్‌కి మొదటి నుంచీ తెలుసు.

ఈ భాగం బాగోలేదని చాలామంది విమర్శకులు అన్నారు. జిమ్ అపహరణ దగ్గరే పుస్తకం ఆపేసి చదువుకోవాలని హెమింగ్వే 1935లోనే రాశాడు. శిల్పం దెబ్బతిన్నదని మామూలుగా చెప్పే కారణం. నాకు కనిపించే కారణం వేరు. నవ్వు చేతులు మారింది. అంతదాకా దెబ్బలు తిన్నవాడి దగ్గర, పారిపోతున్నవాడి దగ్గర ఉన్న నవ్వు, రాత్రికి అత్తయ్య ఇంట్లో మెత్తటి పక్క ఉన్న కుర్రాడి చేతికి వచ్చింది. పన్నెండేళ్ల పాఠకుడికి అక్కడ నవ్వు రాదని కాదు, వస్తుంది. ఆ పేజీలనే జిమ్ పక్కన కూర్చుని ఒక్కసారి మళ్లీ చదవమనండి. ట్వేన్ ఇది తెలిసే చేశాడా, తెలియక చేశాడా అన్నది నూట నలభై ఏళ్లుగా తెగని తగాదా. మనం దూరొద్దు. మనకు కావలసిన పరీక్ష మాత్రం దొరికింది.

3. అద్దె లేని కుటుంబం

ఇప్పుడు తెలుగు పాఠకులకు అంతగా తెలియని ఒక నవల. నాకు దీని మీద పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. క్రిస్టఫర్ పాల్ కర్టిస్ అనే ఆఫ్రికన్ అమెరికన్ రచయిత రాసిన 'బడ్, నాట్ బడీ', 1999. మరుసటి ఏడాది దానికి న్యూబెరీ పతకం వచ్చింది. అమెరికాలో పిల్లల పుస్తకానికి అంతకంటే పెద్ద గౌరవం లేదు.

కర్టిస్ మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ ఊరివాడు. హైస్కూలు అవగానే అక్కడి కార్ల కర్మాగారంలో చేరి పదమూడేళ్లు కార్లకు తలుపులు బిగించాడు. ఇద్దరు పనివాళ్లు వంతులేసుకుని ఒకటి విడిచి ఒకటి బిగించాలి. ఈయనా ఈయన జతగాడూ ఒక ఒప్పందం చేసుకున్నారు: ఒకడు వరసగా ముప్ఫై కార్లు చేస్తాడు, ఆ అరగంట రెండోవాడు ఖాళీ. ఆ అరగంటల్లో, ఆ మోతలో, కర్టిస్ రాయడం నేర్చుకున్నాడు. సభలో రచయితలున్నారు కాబట్టి చెప్పాను. "తీరిక దొరకడం లేదండీ" అనే మిత్రులను ఉద్దేశించింది కాదని మనవి.

కథాకాలం 1936, అమెరికాను ఆర్థిక మాంద్యం పట్టి పీడిస్తున్న రోజులు. బడ్‌కి పదేళ్లు. ఆరో ఏట తల్లి పోయింది. అనాథ శరణాలయానికీ, డబ్బు కోసం పిల్లల్ని ఇంట్లో పెట్టుకునే కుటుంబాలకూ మధ్య తిరుగుతుంటాడు. వాడి ఆస్తి తాడుతో కట్టిన ఒక అట్టపెట్టె, అందులో తల్లి దాచుకున్న కొన్ని రాళ్లు, ఒక జాజ్ బృందం ప్రకటన కాగితాలు. ఆ కాగితాల మీది బొమ్మలో ఉన్నాయనే తన తండ్రి అయి ఉంటాడని ఊహించుకుని వెతుక్కుంటూ బయల్దేరతాడు.

బడ్ దగ్గర ఒక నియమావళి ఉంది. జీవితం సరదాగా గడవడానికీ, అబద్ధాలు బాగా చెప్పడానికీ పనికొచ్చే నియమాలు. నంబర్లకు వరసా వావీ ఉండదు. పెద్దవాళ్లు ఒక మనిషి వెళ్లిపోయిందని చెబితే చచ్చిపోయిందని అర్థం చేసుకోవాలన్నది వాటిలో ఒకటి. నియమం వినగానే నవ్వొస్తుంది, ఈ ముక్క వీడికి ఎప్పుడు తెలిసి ఉంటుందని ఆలోచిస్తే గొంతు పట్టుకుంటుంది. ఒక్కో నియమం వెనక ఒక్కో దెబ్బ ఉంది. దెబ్బ కథ కర్టిస్ అన్నిసార్లూ చెప్పడు, నంబరు ఇచ్చి వదిలేస్తాడు.

ఒక దృశ్యం వివరంగా చెప్పనివ్వండి. పొద్దున్నే ఉచిత ఫలహారం పెట్టే చోట జనం బారులు తీరి ఉన్నారు. నిద్ర లేవడం ఆలస్యమై బడ్ వచ్చేసరికి వరస మూసేశారు. మధ్యలో దూరేవాళ్లను తరమడానికి ఒకడు పటకా పట్టుకుని నిలబడ్డాడు. వరసకు పైన గోడంత ప్రకటన బొమ్మ. అందులో ఖరీదైన కారులో నలుగురున్న తెల్ల కుటుంబం, పళ్లన్నీ కనిపించే నవ్వులు. కింద ఉన్నది ఆకలి.

బడ్ వెనుదిరిగే లోపల వరసలోని ఒక ముక్కూ మొహం తెలియని మనిషి వాణ్ణి వేరే పేరుతో పిలిచి, "ఎక్కడ చచ్చావురా ఇంతసేపూ, అమ్మ పక్కకు పో" అన్న ధోరణిలో గద్దించి, నెత్తిన ఒకటి మొట్టి లాగేసుకుంటాడు. పటకా మనిషి నమ్ముతాడు. బడ్‌కి సంగతి అర్థమై, వెంటనే తండ్రి దగ్గర చీవాట్లు తిన్న కొడుకులా మొహం పెడతాడు. ఆ మనిషి సొంత పిల్లలు ఇద్దరూ వీణ్ణి చూసి నాలుక బయటపెట్టి వెక్కిరిస్తారు, వీడూ వెక్కిరిస్తాడు. తోబుట్టువులు చేసే పనే కదా! లోపల గంజిలాంటి ఓట్స్ జావ. దొంగ తల్లి సంచిలోంచి చిన్న పొట్లం తీసి తన పిల్లల గిన్నెల్లో పంచదార చల్లి, మిగిలింది వీడి గిన్నెలోనూ చల్లుతుంది.

ఈ దృశ్యంలో చదివేవాడికి ఒక్క క్షణం కూడా తీరిక ఉండదు. దొరికిపోతాడేమోనన్న ఉత్కంఠ, వెక్కిరింతలకు నవ్వు, అన్నీ కలిసి పరిగెడుతుంటాయి. పుస్తకం మూసేశాక తడుతుంది. వీడికి తల్లి, తండ్రి, అన్నాచెల్లెళ్లు ఒక్క ఫలహారం సేపు దొరికారు, అదీ నాటకంలో. మొట్టికాయ కూడా వాడికి సుఖంగానే ఉంది, ఎందుకంటే అది తండ్రి మొట్టే మొట్టికాయ. ఈ సంగతిని కన్నీళ్లతో రాసిన రచయితలు చాలామందే ఉన్నారు. అలా రాస్తే పాఠకుడు జాలిపడతాడు, అంటే పైమెట్టు మీద నిలబడతాడు. కర్టిస్ మనల్ని వరసలో బడ్ పక్కన నిలబెట్టి నాటకంలో వేషం కట్టించాడు. ఇక జాలిపడే మెట్టెక్కడిది?

అదే నవలలో ఇంకో ముచ్చట. రాత్రివేళ ఒంటరిగా రోడ్డు పట్టి నడుస్తున్న బడ్‌ని ఒకాయన కారాపి ఎక్కించుకుంటాడు. కారులో ఒక పెట్టె, దాని మీద మనిషి నెత్తురు ఉందని రాసి ఉంటుంది. ఆసుపత్రికి తీసుకెళ్తున్న రక్తం అది. బడ్ మాత్రం ఆయన్ను రక్తం తాగే పిశాచమని తేల్చేసుకుని, ఆయన దిగగానే కారును తానే నడుపుకుంటూ పోతాడు. పిల్లలకు ఇది పండగ. ఇందులోనూ ఒక నిజం ఉంది: ఇంతవరకూ పెద్దవాళ్ల చేతుల్లో వీడికి జరిగినదాన్ని బట్టి చూస్తే, రాత్రిపూట ఆదరించే పెద్దమనిషి కంటే నెత్తురు తాగే పిశాచమే ఎక్కువ నమ్మదగిన సంగతి.

4. నవ్వు ఆగే చోటు

ఈ భాగం చిన్నది. నవ్వు కష్టపడేవాడి సొత్తయితే, ఎప్పుడు నవ్వకూడదో కూడా వాడికే తెలియాలి. కర్టిస్ మొదటి నవల 1995లో వచ్చింది, వాట్సన్ కుటుంబం 1963లో బర్మింగ్‌హామ్ వెళ్లిన కథ. మొదటి అధ్యాయంలో పెద్ద కొడుకు బైరన్ గడ్డకట్టే చలిలో కారు అద్దంలో తన అందానికి మురిసి ముద్దు పెట్టుకుంటాడు. పెదాలు అద్దానికి అతుక్కుపోతాయి. అలా నవ్వుతూ నవ్వుతూ వెళ్లి మనం సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్‌లో పడతాం. ఆ ఆదివారం నల్లవారి చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపిన ఘటన చరిత్రలో ఉన్నదే. నవలలో తమ్ముడు కెన్నీ తన చెల్లెలి కోసం ఆ శిథిలాల్లోకి వెళతాడు. ఆ పేజీల్లో జోకు లేదు. చెల్లెలు బతికే ఉందని తెలిశాక కూడా కెన్నీ ఇంట్లో సోఫా వెనక దాక్కుని రోజుల తరబడి బయటికి రాడు.

వాణ్ణి మళ్లీ మనుషుల్లోకి తెచ్చేది అద్దానికి అతుక్కున్న ఆ బైరనే. ఇప్పుడు వాడు మొహం చూసుకుంటున్నది గడ్డం వెంట్రుక మొలిచిందేమోనని. నవ్వు తిరిగొచ్చింది కానీ ఎంత నెమ్మదిగా, ఎంత సిగ్గుపడుతూ వచ్చిందో చూడాలి. సినిమా రచయితలు ఎవరైనా ఉంటే గమనించండి, విషాదం తర్వాత సీన్లోనే కమెడియన్‌ని దింపడం మన దగ్గర ఒక ఆచారం.

5. మన ఇంటి సంగతి

మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేద బాలుడున్నాడు. వీధి దీపం కింద చదువుతాడు, దారిలో దొరికిన పర్సు తిరిగి ఇచ్చేస్తాడు, అందరికీ కృతజ్ఞతగా ఉంటాడు, జిల్లా ఫస్టు వస్తాడు. వాడు నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నిజం పేద పిల్లలు ఇలా ఉండరని సంక్షేమ హాస్టల్లో ఒక్క పూట భోంచేసినవాళ్లకు తెలుసు. అక్కడి నీళ్ల సాంబారు మీద, రాళ్ల అన్నం మీద, వార్డెన్ నడక మీద పిల్లలు కట్టే జోకులకు అంతుండదు. ఆ జోకులు పుస్తకంలోకి ఎందుకు రావు?

బుడుగును చూపిస్తారు మీరు. బుడుగు నాకూ ప్రాణమే. అయితే బుడుగు ఇంట్లో బామ్మ ఉంది, బాబాయి ఉన్నాడు, ప్రైవేటు చెప్పే మాస్టారున్నాడు, పక్కింట్లో సీగాన పెసూనాంబ ఉంది. పొయ్యి మీద అన్నం ఉందా లేదా అన్న ప్రశ్నే ఆ ఇంట్లో లేదు. అది వాడి అదృష్టం, తప్పు కాదు. విచిత్రమేమిటంటే ఆ బుడుగును సృష్టించిన మనిషి బాల్యం అలాంటిది కాదు. ముళ్లపూడి వారికి చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి మద్రాసు చేరి విస్తళ్లు కుట్టి, ప్రెస్సు పనులు చేసి పిల్లల్ని సాకింది. ఆ కష్టమంతా నవ్వుతూ చెప్పిన పుస్తకం 'కోతికొమ్మచ్చి' ఆయన జీవితపు చివరి దశలో వచ్చింది. అప్పుల మీద నవ్వు 'ఋణానందలహరి'కి వెళ్లింది. రెండూ పెద్దల కోసమే. ఆయన తన ఆకలినీ తన నవ్వునూ కలిపి పదేళ్లవాడి చేతికి ఇవ్వలేదు. అప్పటి పాఠకుల ఇళ్లలో దానికి చోటుందని ఆయనకు అనిపించలేదేమో. హక్‌ని అయితే నండూరి వారు తెచ్చారు, వాడు మిస్సిసిపీ వాడు కాబట్టి పేచీ రాలేదు. గోదావరి గట్టున హక్ కనిపించి ఉంటే?

వాడు ఆ తర్వాత కనిపించాడు, వేరే ఊళ్లలో. చిత్తూరు జిల్లా మిట్టూరులో, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు' పుస్తకాల్లో. నెల్లూరు జిల్లా కావలిలో, మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో. సేద్యం చేసి అలిసిపోయే తల్లి, చాలీచాలని ముస్లిం ఇల్లు, అక్కడి పిల్లవాడే కథ చెబుతాడు, వాడే నవ్విస్తాడు. మన పరీక్షలో ఇవి నిలుస్తాయి. కష్టం నవ్వూ ఒకే నోట, ఒకే యాసలో వస్తాయి. ఎవరూ పైనుంచి జాలిపడరు. వీటిని మనం పెద్దల కథా సంపుటాల అరలో పెట్టి, పీఠాలు వేసి, పరిశోధనలు చేయించి, పిల్లలకు మాత్రం ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదంటే రెండు జవాబులు వస్తాయి. మొదటిది యాస: పిల్లల భాష పాడైపోతుందట. చిత్తూరు పిల్లవాడికి వాళ్లమ్మ మాట్లాడే మాటలో పుస్తకం ఇస్తే ఏం పాడవుతుందో నాకు బోధపడదు. శ్రీకాకుళం పిల్లవాడికి నాలుగు పేజీలు ఇబ్బందే, ఐదో పేజీలో దారిన పడతాడు. హక్ కూడా అమెరికా మాస్టార్లు మెచ్చే ఇంగ్లీషులో మాట్లాడలేదు, పుస్తకం వచ్చిన ఏడాదే కాంకర్డ్ ఊరి గ్రంథాలయం దాన్ని మొరటుదని బయట పెట్టింది.

రెండో జవాబు గట్టిది, దాన్ని కొట్టిపారేయలేను. ఈ కథల్లో తిట్లుంటాయి, బూతులుంటాయి, కులం పేరెత్తి పలికే మాటలుంటాయి. ఏ పిల్లవాడి కులాన్నో తగిలే మాట క్లాసులో గట్టిగా చదివితే మిగతావాళ్లు నవ్వుతారు, ఆ ఒక్కడు తల దించుకుంటాడు. అప్పుడు నవ్వు చేతులు మారినట్టే, టామ్ సాయర్ క్లాసులోకి వచ్చినట్టే. 'హకల్‌బెరీ ఫిన్'తో అమెరికా బడుల్లో ఇదే తంటా ఇవాళ్టికీ నడుస్తోంది. అందుకని మొత్తం పుస్తకాలు యథాతథంగా ఏడో తరగతికి పెట్టమని నేననను. కథలు ఏరాలి. ఏరే పని ఆ ఊళ్ల నుంచి, ఆ కులాల నుంచి వచ్చిన ఉపాధ్యాయులతో కలిసి జరగాలి. రచయితలిద్దరూ మన మధ్యనే ఉన్నారు, వాళ్ల అనుమతి లేకుండా ఒక్క మాట మార్చకూడదు. బొమ్మలుండాలి, అక్షరం పెద్దదిగా ఉండాలి, పక్క జిల్లావాడి కోసం పేజీ కిందే మాటలకు అర్థాలుండాలి. వెల హాస్టల్ పిల్లవాడు కూడా కొనుక్కోగలిగేలా ఉండాలి.

ఈ సభలో ప్రచురణకర్తలు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు, వాళ్లకు ఈ మాట. ఉపాధ్యాయులకు వేరే మనవి. ఆ పుస్తకం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఎనిమిదో తరగతి తెలుగు పీరియడ్లో ముందు మీరు చదివి చూసుకున్న కథ ఒకటి గట్టిగా చదవండి. పిల్లలు ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఒక్కసారిగా ఊరుకున్నారో, ఎవరు నవ్వలేదో మార్జిన్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ కాపీలు ప్రచురణకర్తలకు పంపండి. ఏ కథ ఉంచాలో ఏది తీయాలో చెప్పడానికి నాలాంటివాడు రాసే ముందుమాట కంటే అవి ఎక్కువ పనికొస్తాయి.